ఉత్తర తెలంగాణలో చిన్నతెర – 6: పక్క పక్క పోర్షన్లలో రెండు సంసారాలు

గత భాగంలో దూరదర్శన్ ఒక్కటే దిక్కైన రోజుల గురించి చెప్పుకున్నాం. 1977లో హైదరాబాద్ కేంద్రం మొదలవడం, ఎనభైల్లో మన పట్టణాల మిద్దెల మీద ఒక్కటొక్కటిగా యాంటెన్నాలు లేవడం, 1987లో ‘రామాయణ్’ వచ్చాక ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటి ముందు వాడకట్టంతా చెప్పులు విడవడం చూశాం. 1984 నాటి ‘యే జో హై జిందగీ’ అనే హిందీ సీరియల్ గురించి కూడా కొంత మాట్లాడుకున్నాం. ఓ జంట, వాళ్ల చిన్న చిన్న తగవులు, వారానికో కొత్త చిక్కు. భాష సగమే అర్థమైనా మనవాళ్లు చూశారు. మొగుడూ పెళ్లాల కొట్లాటకు తర్జుమా అక్కర్లేదు. ఆ తర్వాత ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందోబ్రహ్మ’తో తెలుగు నవ్వు దూరదర్శన్‌కు అలవాటైంది. కథ అక్కడ ఆగింది.

ఈసారి కేబుల్ వైరు వచ్చిన నాటి నుంచి మొదలుపెడదాం.

1995లో జెమిని, ఈటీవీ రెండూ ఒకే ఏడాది పుట్టాయి. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్ పట్టణాల్లో కేబుల్ ఆపరేటర్లు డిష్‌లు పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా, చెట్ల కొమ్మల మీదుగా నల్లటి వైర్లు గుంజారు. నెల నెలా ఓ పిల్లగాడు నోటుబుక్కు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి పైసలు వసూలు చేసేవాడు. అంతకుముందు టీవీ అంటే వార్తలు, వ్యవసాయం, ఆదివారం సినిమా. ఇప్పుడు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా తెలుగు మాట వినిపించడం మొదలైంది.

ఆ వైరు అందరికంటే తొందరగా అల్లుకుపోయింది సింగరేణి కాలనీల్లో. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్. వరుసలు వరుసలుగా కంపెనీ క్వార్టర్లు, ఇంటికీ ఇంటికీ నడుమ ఒకే గోడ. ఇటు పోపు పెడితే అటు దగ్గు, ఇటు గొడవైతే అటు నిశ్శబ్దం. ఫస్ట్ షిఫ్టు పోయినాయన మాపటికి ఇంట్లో ఉంటాడు, సెకండ్ షిఫ్టు పోయినాయన అర్ధరాత్రి దాటాక వస్తాడు. ఇంటిల్లిపాదీ కలిసి టీవీ ముందు కూర్చునే రాత్రి ఏదైనా ఉందంటే అది ఆదివారమే, అదీ సెలవు రోజు చేసే ప్లేడే డ్యూటీ పడకపోతే. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఇళ్లలో మరో లెక్క. అక్కడ ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చేస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు కనుక చేతికి సెలవు లేదు. చేతులు తునికాకు మీద ఉంటే, కళ్లకూ చెవులకూ టీవీ తోడైంది. ఈ రెండు రకాల ఇళ్లను మనసులో పెట్టుకోండి, రాబోయే కథకు వీళ్లే ప్రేక్షకులు.

2001 కరీంనగర్ మరచిపోలేని ఏడు. ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టింది. మే 17న కరీంనగర్ ఎస్సారార్ కాలేజీ మైదానంలో ఆ పార్టీ సింహగర్జన సభ జరిగింది. మన నీళ్లు, మన కొలువులు అన్న మాటలతో పాటు మన భాష, మన యాస అన్న మాట ఊరూరా తిరగడం మొదలైంది. ఆరు నెలలకు, నవంబర్ 18 ఆదివారం రాత్రి, జెమిని టీవీలో ‘అమృతం’ మొదలైంది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఒకే ఇంట్లో, ఒకే మనుషులు, పగలు ఒకదాని గురించి, రాత్రి ఇంకొకదాని గురించి మాట్లాడుకున్నారు. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నా ఆశ.

‘అమృతం’ తీసింది గుణ్ణం గంగరాజు. 1996లో ‘లిటిల్ సోల్జర్స్’ సినిమా తీసిన దర్శకుడు. ఆయన సంస్థ జస్ట్ ఎల్లో. 2003లో ‘ఐతే’ సినిమా తీసింది కూడా ఈ సంస్థే. ఆ సినిమాతో దర్శకుడైన చంద్రశేఖర్ యేలేటి అంతకుముందు ‘అమృతం’ తొలి భాగాలకు పనిచేశాడు. రాతలోనూ దర్శకత్వంలోనూ ఎస్.ఎస్. కాంచి చేయి పెద్దది. టైటిల్ పాట సిరివెన్నెల రాశారు, కళ్యాణి మాలిక్ బాణీ కట్టాడు. అంటే సినిమాకు పనికొచ్చే బుర్రలు వారం వారం ఓ అరగంట కోసం కూర్చున్నాయి. తెలుగు టీవీలో అది ముందూ వెనకా అరుదే.

కథ చెప్పాలంటే రెండు ముక్కలు. అమృతరావు, ఆంజనేయులు స్నేహితులు. వాళ్ల భార్యలు సంజీవని, శాంత. రెండు జంటలూ అప్పాజీ అనే ఇంటి ఓనరు దగ్గర పక్క పక్క పోర్షన్లలో అద్దెకుంటారు. మగవాళ్లిద్దరూ ‘అమృత విలాస్’ అనే హోటల్ నడుపుతారు, అందులో సర్వం అనే సర్వర్. అమృతరావుకు ప్రతి వారం త్వరగా డబ్బు సంపాదించే ఆలోచన ఒకటి వస్తుంది. ఆంజనేయులు వద్దంటూనే ఇరుక్కుంటాడు. భార్యలు కనిపెడతారు. వారం తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది.

ఈ అమరిక ప్రపంచానికి కొత్తది కాదు. అమెరికా టీవీలో 1951లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’లో కూడా రెండు జంటలే, అందులో ఒక జంట ఇంటి ఓనర్లు. 1955లో వచ్చిన ‘ది హనీమూనర్స్’లో ఓ బస్సు డ్రైవరూ అతని భార్యా, పై అంతస్తులో మురుగు కాలువల్లో పనిచేసే స్నేహితుడూ అతని భార్యా. అది ఒక్క ఏడాదే నడిచింది, మొత్తం 39 భాగాలు. అయినా దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ వేసుకున్నారు. సీరియల్ ఎన్నాళ్లు నడిచిందన్నది వేరు, ఎన్నాళ్లు గుర్తుందన్నది వేరు.

రెండు జంటలే ఎందుకు? ఒక్క జంటైతే కొట్లాట కొట్లాటగానే మిగిలిపోతుంది. పక్కన ఇంకో జంట ఉంటే చూసేవాళ్లు, సర్దిచెప్పేవాళ్లు, ఎగదోసేవాళ్లు తయారవుతారు. మొగుడు అబద్ధమాడితే దాన్ని మోయడానికి స్నేహితుడు కావాలి, పెళ్లాం దాన్ని పట్టుకోవడానికి పక్కింటామె కావాలి. ఇది సింగరేణి క్వార్టర్లో ఉండే మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘అమృతం’ హైదరాబాద్ కథే అయినా, దాని గుండె మాత్రం కలిసి ఉన్న గోడ. మందమర్రి క్వార్టర్ల వరుసలో ఆ గోడ కళ్ల ముందే ఉంది.

పాత్రధారులు మారడం మరో వింత. అమృతరావుగా మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆపైన హర్షవర్ధన్. భార్యల పాత్రల్లోనూ మార్పులొచ్చాయి. మామూలుగా ఇలా మొహాలు మారితే సీరియల్ పడిపోతుంది. ఇది పడలేదు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి స్థిరంగా నిలబడ్డారు. ఆంజనేయులు మొహంలో ప్రతి వారం కనిపించే ఆ భయం, ఆ మంచితనమే ఈ కథకు మూలస్తంభం అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మన ఇళ్ల సంగతికొద్దాం. ‘అమృతం’ నడిచిన ఆరేళ్లలో మన జిల్లాల్లో చాలా ఇళ్లలో మొగుడూ పెళ్లాలు ఒకచోట లేరు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల పల్లెల నుంచి మగవాళ్లు దుబాయ్, మస్కట్, సౌదీ బాట పట్టారు. బావులెండి ఎవుసం కలిసిరాక కొందరు, మరమగ్గాల మీద కూలి గిట్టుబాటు కాక కొందరు, చెల్లె పెళ్లికి చేసిన అప్పు తీర్చడానికి కొందరు. రెండేళ్లకోసారి రావడం, రెండు నెలలుండి పోవడం. సంసారం మొత్తం ఎస్టీడీ బూతులో మీటరు చూసుకుంటూ మాట్లాడుకునే మాటల్లోకి కుదించుకుపోయింది. ఆ ఇంట్లో అత్తా కోడలూ, పక్కింటామే కలిసి ఆదివారం రాత్రి టీవీలో ఇద్దరు మొగుళ్లు, ఇద్దరు పెళ్లాలు ఉప్పు తక్కువైందనీ, అద్దె కట్టలేదనీ కొట్లాడుకోవడం చూశారు. రోజూ కొట్లాడుకునేంత దగ్గరగా ఉండటం కూడా ఒక భాగ్యమే అని వాళ్లకు అనిపించి ఉంటుంది. ఈ సీరియల్‌ను హాస్యమని మాత్రమే రాసిపెట్టే చరిత్ర ఈ ఇళ్లను వదిలేస్తుంది. ‘అమృతం’ ముగిసింది 2007 నవంబర్ 18న. అదే ఏడాది యూఏఈ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించడంతో, కాగితాలు లేక అక్కడ దాక్కుని బతుకుతున్న మనవాళ్లు ఎందరో ఇళ్లకు తిరిగొచ్చారు.

కరెంటు గురించి కూడా చెప్పాలి. రామగుండంలో 2600 మెగావాట్ల ఎన్టీపీసీ ఉంది. దాని పొగగొట్టాలు కనిపించే ఊళ్లలోనే మాపటిపూట కరెంటు పోయేది. కథ సగంలో టీవీ ఆరిపోతే, మిగతా సగం మరునాడు బస్టాండులోనో, బీడీల కంపెనీ దగ్గరో తెలిసినవాళ్ల నోట వినాల్సిందే. చూసినామె చెప్పేటప్పుడు అందులో తన మాటలు, తన ఇంటి సంగతులు కలిపి చెప్పేది. ఆ కథలో శాంత మన యాసలో మాట్లాడేది.

అవును, టీవీలో మాత్రం మాట్లాడలేదు. నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే, దీన్ని దాచి ‘అమృతం’ గొప్పదనం చెప్పలేను. ఆ రోజుల్లో తెలుగు సినిమాలోనూ టీవీలోనూ చదువుకున్న, ప్రేమించదగ్గ మొగుడూ పెళ్లాలు కోస్తా మాటే మాట్లాడేవారు. మన యాస రౌడీకి, పనివాళ్లకు, రెండు నిమిషాలు నవ్వించి పోయే పాత్రకు దక్కేది. ‘అమృతం’ ఒక్కదాని తప్పు కాదిది, మొత్తం పరిశ్రమ అలవాటు. ఎస్సారార్ మైదానంలో మన యాసను గుండెలకు హత్తుకున్న జనమే ఆదివారం రాత్రి వేరే యాసలో సంసారాన్ని చూసి కడుపుబ్బ నవ్వింది. ఆ నవ్వు నిజమైనదే. దాని వెనక ఒక ఖాళీ ఉన్న మాటా నిజమే. ఆలుమగలు “ఏం జేస్తున్నవ్”, “ఎటు పోయినవ్” అనుకుంటూ ప్రేమించుకోవడం తెర మీద చూడాలన్న కోరిక అలాగే మిగిలిపోయింది.

313 భాగాల తర్వాత ‘అమృతం’ ఎందుకు ఆగింది, దాని తర్వాత అలాంటిది ఎందుకు నిలవలేదు అన్నదానికి జవాబు టీవీ వ్యాపారంలో ఉంది. వారానికో అరగంట హాస్యానికి ప్రతి వారం కొత్త కథ కావాలి, కొత్త చిక్కు, కొత్త ముగింపు. రోజువారీ సీరియల్‌కు అదే ఇల్లు, అదే చీరలు, అదే ఏడుపు నెలల తరబడి సాగుతుంది. వారంలో ఐదారు రోజులు ప్రకటనలు. 2003లో జెమినిలోనే మొదలైన మంజులా నాయుడు ‘చక్రవాకం’ ఇంటింటా పాతుకుపోయింది. దాని వెనకే 2008లో ‘మొగలిరేకులు’ వచ్చింది. ఇవి తక్కువ రకమైనవని నేననను. బీడీలు చేసే చేతులకు రోజూ తోడున్నది ఆ సీరియళ్లే. కానీ ఆ పోటీలో వారానికోసారి వచ్చే నవ్వుకు చోటు కరిగిపోయింది.

మొగుడూ పెళ్లాల హాస్యం మాత్రం చావలేదు, రూపం మార్చింది. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైంది. పది నిమిషాల స్కిట్లు, వాటిలో చాలా వరకు ఆలుమగల గొడవలే. చమ్మక్ చంద్ర ఆ రకానికే పేరు తెచ్చుకున్నాడు. మొదట్లో ఆ వేదిక మీద టీమ్ లీడర్లుగా నిలబడ్డవాళ్లలో వేణు యెల్దండి ఒకడు, మన సిరిసిల్ల బిడ్డ. ఆడవేషాలు మగవాళ్లే కట్టడం, పెళ్లాన్ని తిట్టి నవ్వించడం నాకెప్పుడూ మింగుడుపడలేదు. సంజీవని, శాంత కథను మలుపు తిప్పేవాళ్లు, స్కిట్‌లో పెళ్లాం మాత్రం తిట్లు తినడానికే ఉండేది. అయితే ఒక్క విషయం ఒప్పుకోవాలి. మన యాస ఆ వేదిక మీద సిగ్గుపడకుండా నిలబడింది. వేణు ఆ తర్వాత సిరిసిల్ల పల్లెల్లోనే ‘బలగం’ సినిమా తీశాడు, అది 2023లో తెర మీదికొచ్చింది.

‘అమృతం’ వైపు చూస్తే, 2014లో గంగరాజు అవే పాత్రల్ని చంద్రుడి మీదికి పంపి ‘చందమామలో అమృతం’ అనే సినిమా తీశారు. ఆదరణ దక్కలేదు. అద్దింటి గోడ లేకుండా ఆ రెండు జంటల్ని ఎక్కడ పెట్టినా ఊపిరాడదని అప్పుడే తేలింది. రెండేళ్లకు, 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. డేటా చవకైంది. యూట్యూబ్‌లో పాత ‘అమృతం’ ఎపిసోడ్లకు ఇంకో తరం దొరికింది. ఎస్టీడీ బూతులు మూతపడ్డాయి. దుబాయ్‌లో క్యాంపు మంచం మీద పడుకొని ఐఎంఓ యాప్‌లో ఇంటికి మాట్లాడి, ఆపైన అదే ఫోన్లో ఆంజనేయుల్ని చూసి పడుకున్న కూలీలు మన ఊళ్లలో బోలెడుమంది.

ఆ ఆదరణ చూసే మళ్లీ తీశారు. ‘అమృతం ద్వితీయం’ జీ5లో 2020 మార్చి 25న, శార్వరి నామ ఉగాది రోజున విడుదలైంది. అమృతరావుగా హర్షవర్ధన్, అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి తిరిగొచ్చారు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న కన్నుమూశారు కనుక ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్ వచ్చారు. సంజీవనిగా సత్య కృష్ణన్.

ఆ ఉగాది కరీంనగర్‌లో ఎలా గడిచిందో ఆ ఊరివాళ్లెవరూ మరచిపోరు. మార్చి నడుమనే కరోనా కేసులు బయటపడి, ముకరంపుర చుట్టుపక్కల బారికేడ్లు పడ్డాయి. వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు అడిగి రాసుకున్నాయి. గుడిలో పంచాంగ శ్రవణం లేదు, వీధిలో మనిషి లేడు. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది ఆ రోజే. అందరూ ఇంట్లోనే ఉన్నారు, అందరి చేతుల్లో ఫోనుంది. కొత్త హాస్యానికి ఇంతకంటే అనువైన వేళ ఉండదని ఎవరైనా అనుకుంటారు. కానీ షూటింగులన్నీ ఆగిపోయాయి. పైగా చందా కడితేనే దొరికే తెర, ఒక్కొక్కరు ఒక్కొక్క ఫోనులో చూసే చూపు. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని చూసింది మార్చి 28 నుంచి దూరదర్శన్ మళ్లీ వేసిన పాత ‘రామాయణ్’ని. గత భాగంలో మనం చూసిన చెప్పుల వరుస ఒక్కటే తక్కువ.

‘ద్వితీయం’ పాతదాని ఆయుష్షు అందుకోలేదు. ఎల్.బి. శ్రీరామ్ గొప్ప నటుడు, ఆయన వల్ల జరిగిన లోటు కాదిది. 2001లో కలిసి ఉన్న గోడ మామూలు సంగతి, 2020 నాటికి హైదరాబాద్‌లో పక్క ఫ్లాటులో ఎవరుంటారో తెలియని కాలం వచ్చింది. పాత పాత్రలు తిరిగొచ్చాయి గానీ వాళ్లను ఒకరితో ఒకరు కట్టిపడేసిన అవసరం తిరిగి రాలేదు. నా తీర్పు ఇదే.

ఆ అవసరాన్ని కొత్తచోట వెతికింది ‘సేవ్ ది టైగర్స్’. మహి వి. రాఘవ్, ప్రదీప్ అద్వైతం రూపకల్పన. 2023 ఏప్రిల్‌లో హాట్‌స్టార్‌లో ఆరు భాగాలు, 2024 మార్చిలో రెండో సీజన్. హైదరాబాద్ శివార్ల మూడు జంటల కథ. గంట రవిగా ప్రియదర్శి, అతని భార్య హైమావతిగా జోర్దార్ సుజాత. అతనిది పాల డెయిరీ, ఆమెకు గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లు కావాలి. ఇద్దరూ మన యాసలోనే ప్రేమించుకుంటారు, మన యాసలోనే కొట్లాడుకుంటారు. చదువుకున్న మిగతా రెండు జంటలతో సమానంగా కథ నడుపుతారు. సింహగర్జన నాటి కోరిక ఒకటి ఇరవై రెండేళ్లకు ఇలా తీరింది. ఫిర్యాదు మాత్రం ఒకటుంది. టైటిల్‌లోనే మొగుళ్లను కాపాడమన్నారు, కథ ఎక్కువగా వాళ్ల వైపు నుంచే నడిచింది. హైమావతి వైపు నుంచి ఈ కథ చెబితే ఇంకా బాగుండేది, సుజాత దాన్ని మోయగలదు.

ఇవన్నీ హైదరాబాద్‌లో తయారైన సంసారాలే. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో కూర్చుని మనం చూసినవి, మన దగ్గర తీసినవి కావు. మన దగ్గరే తీసినవాటి కోసం లంబాడిపల్లికి పోవాలి, అది కొండగట్టు అంజన్న ఉన్న మల్యాల మండలంలోనే ఉంది. 2012లో ఆ ఊళ్లో శ్రీరామ్ శ్రీకాంత్ ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టాడు. సెట్టింగు లేదు, మేకప్ లేదు. ఊరి అరుగులు, ఊరి మనుషులు. పొలం పనులు చేసుకునే మిల్కూరి గంగవ్వ ఆ వీడియోలతో తెలుగు నేలంతా తెలిసిపోయింది. 2020లో జోర్దార్ సుజాత ఉన్న సీజన్‌లోనే బిగ్‌బాస్ ఇంట్లో అడుగుపెట్టింది. అదే బృందంలో పేరు తెచ్చుకున్న అనిల్ గీల 2025 ఆగస్టులో జీ5లో వచ్చిన ‘మోతెవరి లవ్ స్టోరీ’కి కథానాయకుడయ్యాడు. వచ్చే భాగం లంబాడిపల్లి కథ.

ఈలోగా ఒక మాట. బీడీలు చేస్తూనో, నైట్ షిఫ్టుకు పోయే ముందో, దుబాయ్ నుంచి ఫోను వస్తుందని ఎదురుచూస్తూనో ‘అమృతం’ చూసిన అమ్మలు, అత్తలు, అవ్వలు మీ ఇంట్లో ఉంటే వాళ్లను కూర్చోబెట్టి అడగండి, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. టీవీ తీసినవాళ్ల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి, చూసినవాళ్ల మాట వాళ్ల దగ్గరే ఉంది.